కోఠీలో ఓ గది

దౌల్తాబాద్‌లో బస్సెక్కి కొడంగల్, పరిగి, చేవెళ్ల దాటి హైదరాబాద్ చేరిన పిల్లాడికి పట్నంలో మొదట పరిచయమయ్యే చోటు చాలాసార్లు కోఠీయే. చార్మినార్ సంగతి తర్వాత. పాత పుస్తకాలు తక్కువ ధరకు దొరికేది ఇక్కడే కదా! వెనకటి తరంలో కొడుకుని చదువుకు పంపే తండ్రి బియ్యం మూట బస్సు మీదికెక్కిస్తూ చెప్పే మాట కూడా అదే. ‘సుల్తాన్‌బజార్ దిక్కు రూము చూసుకో బిడ్డా, అన్నీ దగ్గరనే ఉంటయ్.’

ఆ ‘అన్నీ దగ్గరనే’ అనే మాటలోనే ఓ వందేళ్ల చరిత్ర దాగుంది.

కోఠీ అంటే పెద్ద భవంతి. ఆ భవంతి బ్రిటిష్ రెసిడెన్సీ. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కిర్క్‌పాట్రిక్ దొర కట్టించుకున్నాడు. ఖైరున్నీసాతో అతని ప్రేమకథను 2002లో విలియం డాల్రింపుల్ ‘వైట్ మొఘల్స్’గా రాశాక ఆ మేడ ప్రపంచానికి మళ్లీ తెలిసింది. చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933 దాకా ఆంగ్లేయుల అజమాయిషీలోనే ఉండేవి. నిజాం చేతికి తిరిగొచ్చాకే సుల్తాన్‌బజార్ అయ్యింది. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే సవాలక్ష ఆంక్షలు. ఈ నాలుగు వీధుల్లో మాత్రం కాస్త ఊపిరాడేది. తెలుగు చదువరులు ఇక్కడే గూడు కట్టుకోవడానికి అదో కారణం.

1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వంటివారు దాని వెనక ఉన్నారు. గ్రంథాలయం పుట్టింది కొంపలో అన్నమాట, కోటలో కాదు! ఐదేళ్లకు, 1906లో, అదే బృందం చొరవతో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి మొదలైంది. అది అచ్చేసిన తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. నవాబుల పట్నంలో కూర్చుని తెలుగువాళ్లకు ఓ అమెరికా అధ్యక్షుడి కథ చెప్పాలనుకున్నారంటే ఎంత తెగువ!

1921 నవంబరులో ఇక్కడి వివేకవర్ధిని థియేటర్లో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిష్ ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే జనం గోల చేశారు, ఎగతాళి చేశారు. తెలుగువాళ్లకు రోషమొచ్చింది. బయటికొచ్చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి ఆంధ్రమహాసభ అయ్యింది. సాయంత్రం అవమానం, రాత్రికల్లా సంఘం. నడిచి వెళ్లేంత దూరంలో ఇళ్లు లేకపోతే ఆ రోషం ఇంటికెళ్లి పడుకునేసరికి చల్లారిపోయేదేమో!

తమాషా ఏమిటంటే, ఆ సంఘాన్ని నడిపించిన మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల పెడితే, ఉర్దూ మాధ్యమం కాదని ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. పుణెలోని మహిళా విశ్వవిద్యాలయం ఆదుకుంది. దాన్ని స్థాపించింది అదే కార్వే.

ఇంకాస్త నడిస్తే ఆబిడ్స్ వైపు రెడ్డి హాస్టల్. పాలమూరు ప్రాంతం నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. బొగ్గులకుంటలో సారస్వత పరిషత్తు. 1943లో పుట్టిన ఆ సంస్థ ప్రాంగణంలో ఇప్పటికీ సాహిత్య సభలు జరుగుతూనే ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల రాశులు. మూసీ వైపు దిగితే అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియాగా మొదలైన పెద్ద లైబ్రరీ. ఒక మనిషి చెప్పుల జతతో ఇదంతా చుట్టేయొచ్చు.

ఇలాంటి పేటలో ఉండటంలో సుఖం ఏముంది? చెప్పాలంటే సుఖం తక్కువే. శాబాదు బండలు పరిచిన వాకిలి, ఆరు వాటాలకు ఒకటే నల్లా, కిరోసిన్ స్టవ్వు, ఊరి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు మూడోరోజుకు అప్పడాలైపోయేవి. గోడ అవతల మరాఠీ, మెట్ల కింద కన్నడం, వీధిలో ఉర్దూ. దౌల్తాబాద్, కొడంగల్ వైపు పిల్లలకు ఇదేం కొత్త కాదనుకోండి. ఆ తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలోదే. తర్వాత పాలమూరు, 2016 నుంచి వికారాబాద్. నాలుగు భాషల మధ్య పెరిగినవాడికి సుల్తాన్‌బజార్ సొంతూరి సంతలాగే ఉంటుంది. పైగా అద్దె తక్కువ. భోజనం మెస్సులో. పేపరు లైబ్రరీలో. సాయంత్రం ఎక్కడో ఓ సభ, టీ ఉచితం.

ఈ అద్దె సంగతి చిన్నది కాదు. లండన్‌లో బ్లూమ్స్‌బరీ అనే పేట ఉంది. 1904లో వర్జీనియా వుల్ఫ్ తోబుట్టువులతో అక్కడికి మారితే, పరువుగల వాళ్లుండే చోటేనా అది అని చుట్టాలు ముక్కు విరిచారట. పేరు లేని పేట కాబట్టే వాళ్లకు అందింది, వాళ్లున్నారు కాబట్టే పేరొచ్చింది. ఇప్పుడు ఆ పేరు చూసే అక్కడ ఇళ్ల ధరలు ఆకాశంలో ఉన్నాయి, కొత్త రచయిత ఎవరూ ఆ గడప తొక్కలేడు.

కోఠీకి వేరే జబ్బు చేసింది. కింద దుకాణం, పైన సరుకు. మనుషులున్న గదుల్లోకి మెల్లగా అట్టపెట్టెలు దిగాయి. పాతవాళ్ల పిల్లలు కూకట్‌పల్లికో, కాలిఫోర్నియాకో వెళ్లారు. మెట్రో వస్తే బజారు కూలుతుందని వ్యాపారులు ఏళ్ల తరబడి పోట్లాడారు. 2020 ఫిబ్రవరిలో రైలు నడిచింది, బజారూ మిగిలింది. రెసిడెన్సీ భవంతికి మరమ్మతులు చేసి 2023లో తెరిచారు. మొజంజాహీ మార్కెట్టూ ముస్తాబైంది. సంతోషమే. కానీ ముస్తాబంతా చూసిపోయేవాళ్ల కోసం. అద్దెకుండేవాడి లెక్క ఎవరి పద్దులోనూ లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్లు పడితే ఆ సందుల్లో దీపాలు వెలిగే కిటికీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి దౌల్తాబాద్ పిల్లాడు ఇప్పుడెక్కడుంటాడు? అశోక్‌నగర్‌లో. ఇరుకు హాస్టల్లో ఓ మంచం, పక్కనే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, వీధి చివర మెస్సు, జిరాక్స్ షాపు. పొద్దున్నే లైబ్రరీ గేటు ముందు క్యూ, రాత్రి చెట్టు కింద చర్చ. చదివేది కవిత్వం కాదు, గ్రూప్స్ మెటీరియల్. అయినా లెక్క మాత్రం పాతదే. తక్కువ అద్దె, దగ్గరలో పుస్తకం, నడిచేంత దూరంలో స్నేహితులు.

ఆ మెటీరియల్‌లో తెలంగాణ చరిత్ర పాఠం ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపన 1901, ఆంధ్ర జనసంఘం 1921, గోలకొండ పత్రిక 1926. ఎర్రగీత కింద గీసి బట్టీ పడతారు. ఎంత బట్టీ పట్టినా ఆ 1901 నాటి నిలయం ఇంకా ఉందని, సుల్తాన్‌బజార్‌లో దానికో చిరునామా ఉందని తెలిసినవాళ్లు ఆ గుంపులో తక్కువే. చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషన్ నారాయణగూడ. ఆ తర్వాతిది సుల్తాన్‌బజార్.