విచారణ చరిత్ర ఎవరిది?

కొత్త గుడి కట్టగానే గోడకు పాలరాతి పలక పెడతాం. దానిమీద పీఠాధిపతి పేరు, విచారణ గురువు పేరు, తేదీ ఉంటాయి. తట్టలు మోసిన కూలితల్లి పేరు ఉండదు.

అల్లపల్లి అడవి ఊళ్లలో తెలుగు, గోండి, మాడియా, మరాఠీ వినిపిస్తాయి. 1962లో నాగపూర్ అగ్రమేత్రాసనం నుంచి విడదీసి, చాందా మిషన్‌ను కేరళకు చెందిన సీరో మలబార్ గురువులకు అప్పగించారు. 1977లో అది మేత్రాసనమైంది. 1999లో ప్రాణహిత అవతలి ఆదిలాబాద్ వేరైంది. గీతలు మారాయి. నదికి రెండు పక్కలా ఉన్న చుట్టరికాలు మాత్రం మారలేదు.

ప్రజల భాషలో పూజకు రెండవ వాటికన్ మహాసభ 1963లోనే తలుపు తెరిచింది. శ్రీసభ అంటే దేవుని ప్రజలని 1964లో చెప్పింది. మరి మన విచారణ చరిత్రల్లో ఆ ప్రజలెక్కడ?

ఏ విచారణ అయినా జూబిలీకి గుడికి రంగులు వేసేముందు ఒక పని చేయాలి. పెద్దవాళ్ల జ్ఞాపకాలను వాళ్ల భాషలోనే రాసిపెట్టాలి. మొదట ఏ ఇంట్లో ప్రార్థన జరిగింది, ఎవరు వండిపెట్టారు, ఎవరిని వెనక కూర్చోబెట్టారు - అన్నీ రాయాలి. విచారణ మండలిలో కూలీలకు, ఆదివాసులకు, స్త్రీలకు మాట్లాడే చోటివ్వాలి.

నొప్పించే నిజాన్ని దాచిన చరిత్ర సాక్ష్యం కాదు. అది శిలాఫలకమే.