విమానం నడిపినవాడి మాట ఎవరు వింటున్నారు?

వైమానిక దళంలో పనిచేసి రిటైరై వచ్చినవారికి మన గ్రామాల్లో ఒక ప్రత్యేకమైన గౌరవం ఉంది. చాయ్ హోటల్లోకి వారు వస్తే బెంచీ మీద జాగా చేస్తారు. యుద్ధం మొదలు ఎన్నికల దాకా, డీజిలు ధర మొదలు సెల్‌ఫోను దాకా ఏ ప్రస్తావన వచ్చినా "సార్, మీరేమంటారు?" అని అడుగుతారు. వారూ మొహమాటం లేకుండా చెబుతారు. ఇరవై ముప్పై ఏళ్లు నోరు కట్టుకుని ఉన్నవారు కాబట్టి చెప్పవలసింది కూడా వారి దగ్గర చాలా ఉంటుంది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే వారు చెప్పేవాటిలో మనం దేన్ని చెవిన పెడుతున్నాం, దేన్ని గాలికి వదిలేస్తున్నాం అన్నది కాస్త ఆలోచించవలసిన సంగతి. రాజకీయాల మీద వారు యథాలాపంగా అన్న మాట సాయంత్రానికల్లా నాలుగు ఊళ్లు తిరుగుతుంది. విమానాల మీద వారన్న మాట ఢిల్లీలో ఫైలు కదిలించడానికి మాత్రం ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది.

నోరు కట్టుకోవడం అన్నానంటే అది ఊరికే అన్నమాట కాదు. సైనికుల ప్రాథమిక హక్కులకు పరిమితులు విధించే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. 1950 నాటి వైమానిక దళ చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉన్నవారు రాజకీయ సభలకు వెళ్లడం, సంఘాల్లో చేరడం, అనుమతి లేకుండా పత్రికలకు ఎక్కడం నియంత్రణకు లోబడి ఉంటాయి. ఓటు హక్కు మాత్రం ఉంది. సర్వీసు ఓటరుగా పోస్టల్ బ్యాలెట్ వేయవచ్చు. ఓటు ఉండి, వేదిక లేని మనుషులు వారు. తుపాకీ, బాంబు చేతిలో ఉన్నవాడు పార్టీల తగాదాలో దిగితే ఏమవుతుందో ఇరుగు పొరుగు దేశాల్లో చూశాం కాబట్టి ఈ కట్టడి మంచిదే. పైలట్లయినా మనుషులే కనుక భోజనాల దగ్గర, క్రూ రూములో అన్నీ మాట్లాడుకుంటారు. ఆ మాటలు నాలుగు గోడల మధ్య ఉండిపోవడమే పద్ధతి.

కాని ఆ నాలుగు గోడల మధ్య వినిపించేది రాజకీయం ఒక్కటే కాదు. "ఈ ఇంజను నమ్మకం లేదు", "ఈ విమానం మీద కుర్రవాళ్లను పంపకూడదు" అనే మాటలు కూడా ఉంటాయి. వాటి సంగతి మన జిల్లావాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర లేదు. దుండిగల్ వైమానిక దళ అకాడమీ మనకు ఎంత దూరం? అక్కడి నుంచి లేచే శిక్షణ విమానాల చప్పుడు మన పొలాల మీదే కదా.

దుండిగల్‌లో చాలా ఏళ్లు కొత్తవారికి మొదటి పాఠాలు నేర్పింది హెచ్‌పీటీ-32 అనే విమానం మీద. దాని పేరు దీపక్. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారు చేశారు. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. పిస్టన్ ఇంజను. ప్రమాదం వస్తే కుర్చీతో సహా బయటకు ఎగిరి పారాచూటుతో దిగే ఏర్పాటు, అంటే ఎజెక్షన్ సీటు, అందులో లేదు. ఆకాశంలో ఉండగా ఇంజను ఆగిపోవడం దానికి అలవాటైన జబ్బు. దాన్ని రోజూ నడిపేవారికి తెలియని జబ్బు కాదిది. అయినా 2009 జూలై 31న అప్పటి మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు పైలట్లు మరణించాకనే ఆ విమానాలన్నిటినీ నేలకు దించారు. అప్పటికి దాని ఖాతాలో 17 ప్రమాదాలు, 19 మంది ప్రాణాలు. తర్వాత 2012లో స్విట్జర్లాండు నుంచి 75 పిలాటస్ విమానాలకు ఒప్పందం చేసుకున్నారు. 2013లో వాటిమీద శిక్షణ మొదలయింది. వాటికి ఎజెక్షన్ సీట్లు ఉన్నాయి.

ఇంతకన్నా పెద్ద కథ జెట్ ట్రైనర్‌ది. 1982లో ఎయిర్ మార్షల్ లాఫోంటెన్ అధ్యక్షతన ఒక కమిటీ యుద్ధ విమానాల ప్రమాదాలను పరిశీలించింది. కిరణ్ వంటి నెమ్మది జెట్టు మీద నేర్చుకున్న కుర్రవాడిని నేరుగా మిగ్-21 ఎక్కించడం ప్రమాదమని, మధ్యలో ఒక ఆధునిక శిక్షణ జెట్ విమానం ఉండి తీరాలని చెప్పింది. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, సైకిలు నేర్చినవాడికి మోపెడ్ అయినా ఇవ్వకుండా లారీ స్టీరింగు చేతికిచ్చినట్టు. చెప్పిందేమీ బ్రహ్మవిద్య కాదు. ప్రతి స్క్వాడ్రన్‌లోనూ పైలట్లు అనుకుంటున్న మాటే. దానికి బ్రిటిష్ హాక్ విమానాల ఒప్పందం కుదిరింది 2004 మార్చిలో. విమానాలు బీదర్ స్థావరంలో సేవలో చేరింది 2008 ఫిబ్రవరిలో. మన జహీరాబాదు దాటితే బీదరే. సిఫారసుకూ, విమానానికీ మధ్య ఇరవై ఆరేళ్లు.

ఆ కాలంలో ఎంతమంది పోయారో లెక్క కావాలా? దేశం కొన్న 872 మిగ్ రకం విమానాల్లో 482 ప్రమాదాలకు గురయ్యాయని, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు మరణించారని నాటి రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోని 2012లో పార్లమెంటుకు తెలియజేశారు. వీటన్నిటికీ శిక్షణ లోపమే కారణమని నేను అనడం లేదు. పక్షి తగలడం, యంత్రం చెడడం, పొరపాటు, వాతావరణం అన్నీ ఉంటాయి. అయితే ముందే చెప్పిన మాట విని ఉంటే కొందరైనా బతికేవారని అనుకోవడానికి విమాన శాస్త్రం చదవనక్కర లేదు.

పెద్ద హోదాలో ఉన్నవారే మాట జారినట్టు మాట్లాడితే తప్ప పని జరగని పరిస్థితి కూడా చూశాం. 2019 ఆగస్టులో ఢిల్లీ సదస్సులో నాటి వైమానిక దళాధిపతి బి.ఎస్. ధనోవా, 44 ఏళ్ల నాటి మిగ్-21లు మేమింకా నడుపుతున్నాం, అంత పాత కారును ఎవరూ నడపరు కదా అన్నారు. సభలో నవ్వులు పూసి ఉండవచ్చు. ఆ విమానాలు పూర్తిగా విరమించింది మాత్రం 2025 సెప్టెంబరు 26న, చండీగఢ్‌లో.

ఇటీవలి ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు ఎయిరో ఇండియా ప్రదర్శనలో వైమానిక దళాధిపతి ఏ.పీ. సింగ్ ఒక శిక్షణ విమానం కాక్‌పిట్‌లో కూర్చుని, పక్కన నిలబడ్డ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అధికారులతో మాట్లాడుతున్నారు. పదకొండు తేజస్ మార్క్-1ఏ విమానాలు సిద్ధంగా ఉంటాయన్నారు, ఒక్కటీ లేదు, మీమీద ప్రస్తుతం నాకు నమ్మకం లేదు అన్న అర్థంలో కుండబద్దలు కొట్టారు. ఆ మాటలు కెమెరాకు చిక్కాయి. దేశమంతా విన్నది. 83 విమానాలకు సుమారు 48 వేల కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది 2021లో. మొదటిది 2024 మార్చి నాటికి రావలసి ఉండె. ఆ సంస్థ వారు, ఇది సోమరితనం కాదు, సాంకేతిక చిక్కులని సమాధానం చెప్పుకున్నారు. అమెరికా కంపెనీ ఇంజన్లు ఆలస్యం చేసిన మాట కూడా నిజమే. 99 ఇంజన్లకు ఆర్డరిస్తే మొదటిది అందింది 2025 మార్చిలో. కాబట్టి తప్పంతా ఒకరి నెత్తిన వేయడం న్యాయం కాదు. అయినా ఆ ఒక్క సంభాషణ వల్ల, ఏళ్ల తరబడి ఫైళ్లలో నలిగిన విషయం సామాన్యుడి దాకా వచ్చింది. అంతటి అధికారి మాటకే కెమెరా సాయం కావలసి వస్తే, ఇరవై రెండేళ్ల ఫ్లయింగ్ ఆఫీసర్ మాటకు దిక్కెవరు?

ఇక రాజకీయాల సంగతి. ఇక్కడ మన తొందర చూడండి. 2019 ఫిబ్రవరిలో వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ నడిపింది కూడా మిగ్-21 విమానమే. పాకిస్థాన్‌కు చిక్కి మార్చి 1న తిరిగి వచ్చారు. ఆయన ఏ పార్టీకీ ఓటేయమని చెప్పలేదు. అయినా ఆయన ఫోటో ఎన్నికల పోస్టర్లకు ఎక్కింది. సైనికుల బొమ్మలు వాడవద్దని ఎన్నికల సంఘం మార్చి నెలలో పార్టీలకు మళ్లీ గుర్తు చేయవలసి వచ్చింది. ఆయన మీసకట్టు మన క్షౌరశాలల్లో కూడా కొన్నాళ్లు నడిచింది. ఆయన నడిపిన విమానం వయసెంత అని అడిగినవారు తక్కువ.

ఇప్పుడు వాట్సాప్ వచ్చింది. "ఒక ఫైటర్ పైలట్ రాసిన లేఖ" అని పైన పేరు ఉండదు, కింద సంతకం ఉండదు. లోపల మాత్రం ఫలానా నాయకుడికి ఓటెందుకు వేయాలో, ఎందుకు వేయకూడదో ఉంటుంది. యూనిఫారం పేరు చెప్పగానే చేతులు జోడించే మన అలవాటును ఎవరో వాడుకుంటున్నారు. 2025 నవంబరు 21న దుబాయి ప్రదర్శనలో తేజస్ కూలి పైలట్ మరణించిన సాయంత్రం సంగతి చెబితే సిగ్గుచేటు. విచారణ మొదలు కాకముందే నా ఫోనుకు మూడు రకాల తీర్పులు వచ్చాయి. మూడూ "అనుభవజ్ఞుడైన పైలట్" చెప్పినవేనట.

రాజకీయాల్లోకి రావాలనుకున్న పైలట్లకు దారి మూసి లేదు. రాజేష్ పైలట్ యూనిఫారం విప్పి 1980లో భరత్‌పూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. మన ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు యుద్ధ విమానాలు నడిపినవారే. 1994లో కోదాడలో ఓడిపోయారు, 1999లో గెలిచారు, 2023 డిసెంబరులో రాష్ట్ర మంత్రి అయ్యారు. ఓడించినప్పుడు కోదాడ ఓటర్లు ఆయన మిగ్ నడిపిన సంగతి మరచిపోయారని కాదు. ఓటు సంగతి వేరు అనుకున్నారు. మన రిటైరైన సార్లు చెప్పే రాజకీయాన్నీ అలాగే తూచాలి. ధాన్యం కొనుగోలు గురించి, ఉపాధి హామీ గురించి వారికెంత తెలుసో పక్క బెంచీ మీది రైతుకూ అంతో, అంతకన్నా ఎక్కువో తెలుసు. చాయ్ పోయించుకుని వాదించవచ్చు.

యంత్రాల గురించి మాత్రం ఆ వాదన పనికిరాదు. ఇంజను చప్పుడు మారిందని చోదకుడు అన్నప్పుడు ఆర్టీసీ డిపోలో అయినా మెకానిక్ వచ్చి చూస్తాడు. శిక్షణలో ఉన్న కుర్రవాడు ఇబ్బంది చెబితే పిరికివాడనే ముద్ర, కెరీర్‌కు దెబ్బ అనే భయం లేకుండా ఆ మాట పైకి వెళ్లే ఏర్పాటు ఉండాలి. విమాన భద్రతకు దళంలో ప్రత్యేక విభాగం ఉన్నది. అక్కడికి చేరిన మాటకు ఎంతకాలంలో జవాబు వచ్చిందన్న లెక్కను ఏడాదికొకసారి పార్లమెంటు ముందు పెట్టమని మన ఎంపీలు అడగవచ్చు. రహస్యాలు బయట పెట్టమనడం లేదు. ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని పరిష్కారాలు అన్న రెండు అంకెలు చాలు.

మరొకటి. 2023 డిసెంబరు 4 ఉదయం మన తూప్రాన్ మండలం రావెల్లి శివారులో పిలాటస్ కూలి గురువు, శిష్యుడు ఇద్దరూ దుర్మరణం పాలయ్యారు. మంచి విమానమని తెచ్చుకున్నది కూడా కూలుతుంది, అది వేరే సంగతి. ఇటువంటి ప్రమాదాల మీద వైమానిక దళం కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ జరుపుతుంది. ఆ నివేదికలు మాత్రం సాధారణంగా ప్రజలకు అందవు. ఊళ్లో మిగిలేది పుకార్లు. కారణం ఏమని తేలింది, ఏ మార్పు చేశారు అనే రెండు విషయాలు ఒక కాగితం మీద రాసి, విమానం పడ్డ గ్రామ పంచాయతీకి పంపే పద్ధతి పెట్టమని జిల్లా కలెక్టరు గారి ద్వారా రక్షణ శాఖను కోరవలసి ఉంది. గ్రామసభలో తీర్మానం చేసి పంపడానికి ఖర్చు కూడా ఏమీ లేదు.