ఐదు రికార్డులకు మా మార్కులు

పరీక్షాపత్రమున మొదటి పంక్తిని మాత్రము చూచి ఉపాధ్యాయుడు మార్కులు వేసినచో విద్యార్థులు ఊరకుందురా? తలిదండ్రులు సహింతురా? అట్టి యన్యాయమునే నేడు మనము సంగీతమునకు చేయుచున్నాము. ఫోనులో పల్లవి ముగియకమునుపే పాటను వ్రేలితో త్రోసివైచి మరియొకదానికి పోవుచున్నాము. పిమ్మట అది బాగున్నదనియు, ఇది బాగులేదనియు తీర్పు చెప్పుచున్నాము. పూర్తిగా వినక చెప్పినది తీర్పు కానేరదు. కావున మేము ప్రసిద్ధమైన యైదు తెలుగునాటి రికార్డులను మొదటినుండి తుదివరకు పలుమారులు విని, నూటికి ఇన్ని యని మార్కులు వేసి, కారణములతోగూడ చదువరుల ముందుంచుచున్నాము. ఇవి యొక శ్రోత మార్కులే గాని శాసనములు గావు.

ముందుగా ఒక మాట. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాతకాలపు రికార్డులో ఒక్కొక్క ప్రక్క సుమారు 3 నిమిషముల గానమే పట్టెడిది. దీర్ఘమైన కృతిని పెక్కు రికార్డులలో నిలిపి, ఫోటోల పుస్తకమువంటి యట్టలలో నమర్చి విక్రయించెడివారు. ఆల్బమను పేరు అందువలననే వచ్చినది. 1948లో అమెరికాయందు కొలంబియా కంపెనీవారు లాంగ్ ప్లే రికార్డును వెలువరించిన పిదప ఒక్కొక్క ప్రక్క 20 నిమిషములకు పైగా పాడుటకు వీలు కలిగెను. గాయకుని ప్రతిభను తూచునపుడు అతనికి దొరకిన కాలమునుగూడ తూచుట న్యాయము.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గానము చేసిన "పుష్పవిలాపము"నకు 92 మార్కులు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యములివి. ఆ కవిగారు గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు బోధించినవారగుట మిషను పాఠశాలలవారమైన మనకు ముచ్చటగొలుపు విషయము. కోయవచ్చిన మనుష్యునితో పూవులు తమ బాధ చెప్పుకొనుట యిందలి కథ. కాలము కొంచెమైనను గాయకుడు తొందరపడలేదు. ఒక్క యక్షరము చెడలేదు. పద్యమును చదువుట యెట్లో తెలియగోరు విద్యార్థికి ఇంతకు మించిన పాఠము లేదు. ఎనిమిది మార్కులు తగ్గించుటకు కారణము, శోకము మొదటినుండియే నిండుగా నుండి, పెరుగుటకు చోటు మిగులకపోవుటయే.

1963లో వెలువడిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి "వేంకటేశ్వర సుప్రభాతము"నకు 95 మార్కులు. క్రైస్తవోపాధ్యాయులు ఇతర మతస్థుల స్తోత్రమునకు ఇన్ని మార్కులు వేయవచ్చునా యని కొందరు తలిదండ్రులు అడుగవచ్చును. మేము పూజకు గాదు, పాటకు మార్కులు వేయుచున్నాము. పొరుగువాని భక్తిలోని శ్రద్ధను గౌరవించుట మన విశ్వాసమునకు లోపము గాదు. దానిని చూచి మన యశ్రద్ధకు సిగ్గుపడుట లాభమేయగును. సంస్కృత సమాసము లెంత దీర్ఘములైనను ఆమె గొంతులో ఎక్కడను విరిగిపోవు. విద్వత్తును ప్రదర్శింపగల సామర్థ్యముండియు ప్రదర్శింపకుండుటయే ఇందలి గొప్పదనము.

ఘంటసాలవారి "భగవద్గీత"కు 90 మార్కులు. 1974 ఫిబ్రవరిలో ఆయన మరణించిన పిదప ఆ సంవత్సరముననే ఇది వెలువడెను. 700 శ్లోకములలో కొన్నిటినే యేర్చి పాడి, తాత్పర్యమును తెలుగు వచనమున తానే చెప్పుట వలన చదువురాని వారికిని అర్థము తెలిసినది. మేమెక్కువగా మెచ్చుకొనునది ఆ వచనమునే. అయితే నేడు దీనికొక దుర్గతి పట్టినది. శవయాత్రలలో దీనిని మ్రోగించుట యాచారమై, ఇంటిలో ఎవరైన వినబోయినచో "ఎవరు పోయిరి?" అని యిరుగుపొరుగువారు అడుగుచున్నారు. జీవించువానికి కర్తవ్యము చెప్పిన మాటలను చనిపోయినవానికి విడిచిపెట్టుట మన లోపమే. మార్కులలో దానిని తగ్గింపము.

1980లో విడుదలయైన "శంకరాభరణము" పాటలకు 88 మార్కులు. సంగీతమునకు కె. వి. మహదేవన్‌గారును, గానమునకు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారును, వాణీజయరామ్‌గారును జాతీయ పురస్కారములు పొందిరి. మన ఇంద్రేశమునకు ఎంతో దూరముగాని గోలకొండలో చెరననుభవించిన రామదాసు కీర్తనలును ఇందున్నవి. శాస్త్రీయ సంగీతమన్న భయపడు సామాన్యుని దాని వాకిటికి తెచ్చుట దీని పుణ్యము. వాకిటనుండి లోనికి పోవుటకు మాత్రము మరియొక గురువును వెదకుకొనవలసినదే.

1978లో వచ్చిన "కరుణామయుడు" పాటలకు 78 మార్కులు. మనవారి చిత్రమని యెక్కువ వేయలేదు. మోదుకూరి జాన్సన్‌గారు వ్రాయగా బాలసుబ్రహ్మణ్యముగారు పాడిన సిలువయాత్ర గీతము ఒక్కటియే వినినచో 95 వేయుదుము. తక్కినవానికి తెరమీది దృశ్యము తోడున్నగాని అంతటి బలము లేదు.

ఇక మా ముఖ్యోద్దేశము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడు. కీర్తనలపైన రాగమును, తాళమును అచ్చువేయబడియుండును. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) మొదలైన భక్తకవులు మన దేశపు రాగములలోనే క్రీస్తును స్తుతించిరి. ఆ కీర్తనలు క్యాసెట్లలోను, ఫోనులలోను లేకపోలేదు. కాని పైయైదింటి సరసన నిలుపదగినంత శ్రద్ధతో పాడినది మా చెవిని బడలేదు. ముఖారికిని మోహనకును ఒకే యెలక్ట్రానిక్ డప్పు, ఒకే పరుగు. రాగమెక్కడ? తాళమెక్కడ?

అంతకన్న విచారకరమైనది మరియొకటి గలదు. ఆరాధనలో యంత్రము మ్రోగినంతనే సంఘము మౌనము వహించుచున్నది. వృద్ధులు ఆ పరుగునందుకొనలేరు. పిల్లలకు పల్లవి తప్ప చరణములు రావు. పటాన్‌చెరు కర్మాగారములలో తండ్రి రాత్రి షిఫ్టునకును, తల్లి పగటి షిఫ్టునకును పోవు నిండ్లలో కుటుంబప్రార్థనకు అందరును కూడు ఘడియ దొరకుటయే కష్టము. మునుపు కీర్తనలు పిల్లలకు అబ్బినది ఆ ఘడియలోనే. దానిని పోగొట్టుకొని, యంత్రము మనకు బదులుగా స్తుతించుచున్నదని తృప్తిపడుట తగునా?

రికార్డు ఉపాధ్యాయునివంటిది. అది పాఠము చెప్పవలయును. పరీక్ష మనమే వ్రాయవలయును.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో రెండు పనులు చేయుడు. మొదటిది, ఏదైన నొక గానసంపుటమును నడుమ త్రోసివేయక తుదివరకు విని, మీ మార్కులు మీరే వేసి కారణములు వ్రాయుడు. మా మార్కులతో విభేదించినను సంతోషమే. కారణము లేకున్న మాత్రము సున్న వేయుదుము. రెండవది, మీ యవ్వనో తాతనో కూర్చుండబెట్టి, వారెరిగిన యొక్క కీర్తనను చరణములన్నిటితో పాడించి, ఆ ఫోనులోనే పట్టియుంచుడు. గొంతు వణకినను, శ్రుతి జారినను చింతలేదు. దానికి మార్కులు వేయవలదు, నేర్చుకొనుడు.