అడవి దుంపకును విత్తనము విడువవలెను

పసుపు పండించు రైతు ఎంత యక్కర వచ్చినను విత్తనపు దుంపలను అమ్ముకొనడు. ఏలయన, సాగు పసుపు పూచినను గింజ కట్టదు. దుంపవలననే మరుసటి పైరు రావలెను. ఈ వివేకము మన చేనిగట్టు దాటగనే మాయమగుచున్నదని మా యభిప్రాయము.

పసుపు చేరిన జాతికి శాస్త్రజ్ఞులు కుర్కుమా యని పేరిడిరి. తేమగల యడవులు దీని పుట్టినిండ్లు. విశాఖ మన్యమున పాలగుండ యనియు, భద్రాచలమునకు ఉత్తరముననున్న బస్తరులో తీఖురనియు పిలువబడు పిండి ఈ జాతి యడవి మొక్కలనుండియే వచ్చును. ఇందు ముఖ్యమైన మొక్కను 1810లో రాక్సుబరో పండితుడు వర్ణించెను. దుంపలను కడిగి, దంచి, నీట కలిపి, గుడ్డతో వడియగట్టి, పై నీటిని పలుమారు వంచివేసి, అడుగుపిండిని ఎండబెట్టుదురు. దాని జావ రోగులకును పసిబిడ్డలకును తేలికయైన యాహారము.

ఈ మొక్క వానలలో ఆకు పెంచి, చలికాలమున ఆకెండి నేలలో దాగును. ఆకు పచ్చగానుండగా త్రవ్విన దుంపలో పిండి తక్కువ. ఇది ఎరుగనివారు లేరు. అయినను తాము ఆగినచో పొరుగువాడు త్రవ్వుకొనిపోవునను భయమున ఒకరికంటె నొకరు ముందు పోవుదురు. తుదకు అందరికిని నష్టమే.

ఆకలి ఆగునా యని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కావుననే సంఘము ఆ రెండు నెలలకు చిన్న బదులిచ్చి, ఎండిన పిండిని తూచి తీసుకొని, బాకీ చెల్లువేసికొనవలెను. త్రవ్వుటకు గ్రామసభ ఒక దినము నిర్ణయింపవలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము దుంపలు, వేళ్లు మొదలగు ఫలసాయముపై అడవిబిడ్డలకు హక్కునిచ్చినది. ఉమ్మడి యడవిని కాపాడు నిర్ణయములు చేయు నధికారమును గ్రామసభకిచ్చినది. హక్కున్నచోట కాపుదలయు నుండవలెను.

త్రవ్వువారు వేళ్ల చివరి గడ్డలను తీసికొని, మొలకగల తల్లిదుంపను అదే గుంటలో తిరిగి పాతవలెను. చివరి గడ్డలకు మొలకకన్ను లేదు గనుక వానిని పాతిన ఫలములేదు. కొన్ని తల్లిదుంపలను పెరటిలో చెట్లనీడన నాటుటయు మేలు.

రైతుసోదరులారా, మన గాదెలో విత్తనమును దాచుకొనుచున్నాము. అడవి మనయందరి గాదె. అందును విత్తనము మిగిల్చిననే మన బిడ్డలు పాలగుండ రుచి యెరుగుదురు.