వేరు పేరు తెలియని కషాయం



కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుండి మా ఆస్పత్రికి వచ్చే కిడ్నీ రోగుల సంచుల్లో ఆస్పత్రి చీటీలతో పాటు తరచుగా మరొకటి ఉంటుంది. పాత కాగితంలో చుట్టిన వేరు ముక్కలో, పేరు రాయని సీసాలో గోధుమరంగు పొడో. ఒకప్పుడు అది కంటపడితే మేము కోప్పడేవాళ్లం. "ఈ చెత్త తాగే ఇంతదాకా తెచ్చుకున్నావు" అన్న మాట మా నోటినుండే వచ్చింది. ఫలితం ఏమిటంటే రోగులు తాగడం మానలేదు, మాకు చూపించడం మానేశారు.

ఒక కొబ్బరితోట కూలీ భార్య మాకు ఈ విషయంలో బుద్ధి చెప్పింది. "చెప్తే తిడతారని సెప్పలేదు సిస్టరమ్మా. ఆసుపత్రికి పోతే రగతం మారుస్తారంటారు. వేరు తాగితే నయమైపోద్దని ఎవరో అంటే నమ్మినాం" అన్నది. ఆ వేరు పేరేమిటని అడిగాం. ఆమెకు తెలియదు. సంతలో ఇచ్చినవాడు "కిడ్నీ వేరు" అన్నాడట. పొడి అప్పటికే అయిపోయింది. డాక్టరుగారు ఏమని రాస్తారు? "నాటుమందు వాడింది" అని మాత్రమే కేసుషీటులో రాశాం. ఆ రెండు మాటలు ఎవరికీ ఉపయోగపడలేదు.

పేరు తెలియకపోతే ఏమవుతుందో బెల్జియం దేశంలో ఒకసారి తెలిసింది. 1990లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్‌వారు తమ మాత్రలలో చైనా మూలికలు కలిపారు. వాటిలో ఒకటి 'ఫాంగ్ జీ' అనే వేరు. చైనాలో ఆ పేరుతో ఒకటికి మించి మొక్కల వేర్లు అమ్ముతారు. స్టెఫానియా టెట్రాండ్రా అనే తీగ వేరు కావలసిన చోట అరిస్టొలోకియా ఫాంగ్చి అనే తీగ వేరు వచ్చింది. పైకి చూస్తే రెండూ ఎండిన వేరు ముక్కలే. తర్వాత కొద్ది కాలానికే మధ్యవయసు స్త్రీలు ఒకరి తర్వాత ఒకరు కిడ్నీలు పాడై ఆస్పత్రికి వచ్చారు. 1993లో వైద్యులు దీనిని ప్రచురించారు. చివరికి బాధితులు వందమందికి పైగా తేలారు. అనేకమందికి డయాలసిస్ గానీ, కిడ్నీ మార్పిడి గానీ అవసరమైంది. కొందరికి మూత్రనాళాలలో క్యాన్సర్ కూడా వచ్చింది. మాత్రలు ఆపిన తర్వాత కూడా చాలామందిలో నష్టం ఆగలేదు. ఆ తీగలో ఉండే అరిస్టొలోకిక్ ఆసిడ్ దీనికి కారణం. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ జాతి మొక్కలు కలిసిన మందులను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

ఈ రెండు వేర్లను వేరుచేసి చూపగల సాధనం ఖరీదైనదేమీ కాదు. మన ల్యాబులో మలేరియా స్లైడు, కళ్లె స్లైడు చూసే మైక్రోస్కోపే. వేరును బ్లేడుతో సన్నగా కోసి నీటిచుక్కలో పెట్టి చూస్తే కణాలు, పిండి రేణువులు, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనిపిస్తాయి. అయోడిన్ వేస్తే పిండి నీలినల్లగా మారుతుంది. స్టెఫానియాలో స్ఫటికాలు చిన్న పుల్లల వలె ఉంటాయి. అరిస్టొలోకియా ఫాంగ్చిలో గుత్తులుగా కనిపిస్తాయి. పొడి చేసినా ఈ గుర్తులు చాలావరకు మిగులుతాయి. కషాయం కాచి వడగట్టాక మాత్రం మైక్రోస్కోపు చేయగలిగింది తక్కువ. అప్పుడు రసాయన పరీక్షే గతి. అందుకే వడగట్టకముందున్న వేరు మాకు ముఖ్యం.

"అది చైనా సంగతి, మనకేమిటి?" అనవచ్చు. అరిస్టొలోకియా జాతి మన దగ్గర కూడా ఉంది. పాముకాటుకు పల్లెల్లో వాడిన ఈశ్వరి తీగ ఆ జాతిదే. గాడిదగడపాకు కూడా ఆ జాతిదే. ఇక పేర్ల తికమక మనకు కొత్త కాదు. నీరుపట్టిన కాళ్లకు చాలామంది వాడే పునర్నవ అంటే అటికమామిడి. కానీ ఆ పేరుతోనే గలిజేరును కూడా ఇస్తుంటారు. రెండూ నేలమీద పాకే మొక్కలే, ఆకులు చూసి పొరపడడం సులువు. అటికమామిడి వేరును అడ్డంగా కోస్తే వలయం మీద వలయంగా నాళాలు, సూదుల కట్టల్లాంటి స్ఫటికాలు కనిపిస్తాయి. భారత ప్రభుత్వపు ఆయుర్వేద ఫార్మకోపియాలో మూలికలకు కంటితో చూసే లక్షణాలతోపాటు మైక్రోస్కోపు లక్షణాలు కూడా రాసి ఉన్నాయి. అంటే ఈ పరీక్ష ఆయుర్వేదానికి వ్యతిరేకం కాదు, ఆయుర్వేదమే కోరుతున్న పరీక్ష.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలికలే కారణమని మేము అనడం లేదు. నీరు, ఎండలో పని, పురుగుమందులు మొదలైనవాటిని ఎన్నో ఏళ్లుగా పరిశీలిస్తూ ఉన్నారు. ఒకే కారణమని ఇంకా తేలలేదు. మూలికల మీదకు నెపం తోసేస్తే మిగతా కారణాలను వెదకడం ఆగిపోతుంది, అది తప్పు. కానీ ఇప్పటికే బలహీనపడిన కిడ్నీ మీద తెలియని వేరు పడితే ఆ నష్టం రెట్టింపు. ఒళ్లునొప్పులకు దుకాణంలో కొని మింగే మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

కనుక మా విన్నపాలు మూడు.

మొదటిది, రోగులకు, వారి ఇంటివారికి. పేరు తెలియని వేరు తాగవద్దు. ఇప్పటికే తాగి ఉంటే దాచవద్దు. పొడి కాక, పొడి చేయకముందున్న వేరును, దొరికితే ఆకుతో, పువ్వుతో సహా పట్టుకురండి. మూత్రంలో ప్రోటీన్ లేదన్నారని నిశ్చింతగా ఉండవద్దు. మన ప్రాంతపు జబ్బులో ప్రోటీన్ తక్కువగానే కనిపించవచ్చు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోండి.

రెండవది, మా నర్సు చెల్లెళ్లకు. తిట్టకండి. "ఏం వాడుతున్నావమ్మా, ఎక్కడ కొన్నావు, ఎన్నాళ్లుగా?" అని నెమ్మదిగా అడిగి కేసుషీటులో రాయండి. మిగిలిన ముక్కను కవరులో పెట్టి తేదీ, ఊరు రాసి భద్రపరచండి.

మూడవది, పెద్దలకు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అక్కడ రక్తం, నీరు పరీక్షించినట్టే మూలికలను కూడా పరీక్షించే ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, సరైన మొక్కల నమూనాలు, వాటిని గుర్తించగల ఒక వృక్షశాస్త్ర నిపుణుడు ఉండాలని మా అభిప్రాయం. సంతలో ఏ పేరుతో ఏ వేరు అమ్ముతున్నారో చూపించే ఒక పట్టిక తయారైనా చాలు. టెక్కలి, పలాస చుట్టుపక్కల కళాశాలల్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలకు వేరును కోయడం తెలుసు. మా వార్డులో ఆ కోత కోసం ఎదురుచూసే వేర్లు ఉన్నాయి. ఈ ఇద్దరినీ కలపడానికి పెద్ద నిధులు అక్కరలేదు.

ఆ తల్లి ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వస్తున్నది. ఆమె తాగినది ఏమిటో మాకు ఇప్పటికీ తెలియదు. మరొకరి విషయంలో అలా రాయవలసిన అవసరం రాకూడదని మా కోరిక.