కంప్యూటరునకు పొడిగింపు వారంటీ కొనదగునా?

గృహమునకు వస్తువును కొనునపుడు దాని మంచిచెడ్డలను మన స్త్రీలు చక్కగానే విచారింతురు. కాని వస్తువుతోపాటు అంగడివాడు అమ్మజూపు భరోసాను కొనునపుడు అంత విచారము చేయుట కానరాదు. వేరుసెనగ అమ్మిన ధనముతోనో, చీటీ ఎత్తిన ధనముతోనో, కాలేజీలో చేరిన కుమార్తెకు ల్యాప్‌టాప్ కొనుటకై మా ఓబులదేవరచెరువు ప్రాంతపు తల్లిదండ్రులు కదిరికో హిందూపురమునకో పోవుదురు. బేరము ముగిసి బిల్లు వ్రాయు సమయమున, "అమ్మా, ఇంకొక ఐదువేలు కట్టినారంటే మరి రెండేండ్లు మీకు చింతే ఉండదు" అని అంగడివాడు మెల్లగా ననును. ఇదియే ఎక్స్‌టెండెడ్ వారంటీ. మనము పొడిగింపు వారంటీ యందము. ఐదువేలనగా సామాన్య సంసారమునకు చిన్న మొత్తము కాదు. దానిని నిలుచున్నపాటున నిర్ణయింపదగునా? ఈ మాసమున ఈ సంగతిని విచారింతము.

మొదట వారంటీ యననేమో తెలిసికొనవలెను. ల్యాప్‌టాప్ చేసిన కంపెనీ సాధారణముగా ఒక సంవత్సరపు వారంటీని వస్తువు వెలలోనే చేర్చి యిచ్చును. తయారీలో లోపముండి భాగమేదైన చెడినచో ఉచితముగా బాగుచేయుట దాని యర్థము. చేయిజారి క్రిందపడి తెర పగిలినను, కాఫీ ఒలికి కీబోర్డు చెడినను, ఎలుక తీగ కొఱికినను, అది తయారీలోపము కాదు. పొడిగింపు వారంటీ సామాన్యముగా ఈ మొదటి మాటనే మఱికొంత కాలము సాగదీయును గాని క్రొత్త రక్షణ నీయదు. క్రిందపడుట, తడియుట మొదలగు ప్రమాదములకు వేరొక పథకమును వేరు వెలకు అమ్ముదురు. బ్యాటరీకి తఱచుగా వేరు గడువుండును. కావున "చింతే ఉండదు" అను మాట కాగితముమీది మాటకంటె మిక్కిలి పెద్దది.

ఆ మాట ఎవరిదో కూడ చూడవలెను. కంపెనీవారు తామే యిచ్చు పొడిగింపు వేఱు, అంగడివారు తమ పేర యిచ్చునది వేఱు, మఱియొక సంస్థవారు అంగడిద్వారా అమ్మునది వేఱు. అంగడి మూతపడినచో అంగడివాని భరోసా చేతికి చిక్కుట దుర్లభము.

యంత్రములు ఎప్పుడు చెడునని ఇంజనీర్లు చిరకాలము పరిశీలించియున్నారు. పుట్టుకతో లోపమున్నవి మొదటి నెలలలోనే బయటపడును. తక్కినవి చాలకాలము నెమ్మదిగా పనిచేసి, ముసలితనమున మరల చెడసాగును. ఈ క్రమమును గీత గీసినచో స్నానపు తొట్టివలె రెండు కొనలు ఎత్తుగాను, నడుమ పల్లముగాను ఉండును. మొదటి ఎత్తు కంపెనీ యుచితముగా నిచ్చిన సంవత్సరములోనే గడచును. చివరి ఎత్తు వచ్చునప్పటికి పొడిగింపు గడువు ముగిసియుండును. మనము ఐదువేలిచ్చి కొనునది ఆ నడిమి పల్లమును!

లెక్క వేసి చూతము. పొడిగింపు వెల 5,000 రూపాయలనియు, యంత్రము చెడినచో మరమ్మతునకు 12,000 రూపాయలగుననియు ఉదాహరణకై యనుకొందము. పండ్రెండిండ్లవారు పండ్రెండు ల్యాప్‌టాపులకు పొడిగింపు కొనిరి. వారందఱు కట్టినది 60,000 రూపాయలు. ఆ ధనమంతయు మరల వారికే చేరవలెనన్న, ఆ రెండేండ్లలో 12 యంత్రములలో 5 చెడవలెను. అట్లు చెడు యంత్రమైనచో వారంటీని గాదు, యంత్రమునే మానుకొనవలెను. ఇంతేకాదు, ఈ సేవపైన నూటికి 18 చొప్పున జీఎస్టీ కలదు. ఐదువేలలో రమారమి 763 రూపాయలు పన్నునకే పోవును.

మఱి పంటకు బీమా చేయుదుముగదా, యంత్రమునకేల వలదని కొందఱు సోదరీమణు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అనంతపురపు సీమలో వాన తప్పినచో ఒక్క యింటి చేను మాత్రమే యెండదు. ఊరంతయు, చుట్టుప్రక్కల ఊళ్ళును ఒకేసారి యెండును. అప్పుడు పొరుగువారిని చేబదులడుగుటకైనను వీలుండదు. అట్టి నష్టము సంసారమును కూల్చునది గనుక దూరపువారి సాయము, అనగా బీమా, అవసరము. ల్యాప్‌టాప్ చెడుట అట్టిది కాదు. వీధిలోని యంత్రములన్నియు ఒక్కదినమున చెడవు. నేడు మీది, రెండేండ్లకు మీ చెల్లెలిది. ఇట్టి నష్టమునకు ఇంటివారే, అన్నదమ్ములే, అప్పచెల్లెండ్రే ఒకరికొకరు బీమా కాగలరు. ఆపత్కాలమునకై ధనము కాపాడుకొనవలెనని భారతమున విదురుడు ధృతరాష్ట్రునకు చెప్పెను. ఆ ధనమును మన చేత నుంచుకొనుట యొకటి, అంగడివాని చేత నుంచుట యొకటి. ఐదువేలను తపాలాఫీసు ఖాతాలో వేసియుంచినచో, యంత్రము చెడినను, మిక్సీ చెడినను, బిడ్డకు జ్వరము వచ్చినను అక్కఱకు వచ్చును. ఏదియు చెడనిచో మీకే మిగులును.

అయినను కొనదగిన సందర్భములు కొన్ని కలవు. కుమార్తె దూరపు హాస్టలులో నుండి, యంత్రము లేనిదే ఒక వారమైనను చదువు సాగనిచోటను, ఇంటివారు దానిచేతనే జీవనము చేయుచోటను, ఒక్కసారిగా పదివేలు తెచ్చుట యే విధముననైన సాధ్యము కానిచోటను, కంపెనీ వారే యిచ్చు పొడిగింపు కొనుట తప్పు గాదు. తఱచు ప్రయాణము చేయువారికి ప్రమాద రక్షణ పథకమే యెక్కువ యుపయోగము. కాని ఒక ప్రశ్న ముందుగా అడుగుడు: "చెడినచో మీరు మా యింటికి వచ్చి బాగుచేయుదురా, మేమే కొనిరావలెనా?" మన పిన్‌కోడు చెప్పి సమాధానమును వ్రాతమూలముగా పొందవలెను. రెండు మూడు మార్లు సేవాకేంద్రమునకు తిరుగవలసివచ్చినచో బస్సు ఛార్జీలును, పోయిన కూలిదినములును కలిసి ఉచిత మరమ్మతు ఉచితము కాకపోవును.

తొందరపడవలసిన పనియు లేదు. పలు కంపెనీలు మొదటి వారంటీ నడుచుచుండగా తరువాతనైనను పొడిగింపు కొననిచ్చును. ఆ గడువును మాత్రము కనుగొనుడు. ఈ తొందర యొక్క మన దేశమునకే చెందినది కాదు. బ్రిటనులో కాంపిటీషన్ కమిషను ఈ వ్యాపారమును విచారించి 2003లో నివేదిక నిచ్చెను. 2005 నాటి ఉత్తర్వుచేత అచ్చటి అంగళ్ళవారు గృహోపకరణముల వెలతోపాటు పొడిగింపు వెలను గూడ చూపవలసివచ్చెను. కొన్నవారు 45 దినములలోపల రద్దు చేసికొని ధనమును మరల పొందు హక్కు కలిగెను. బిల్లు బల్లయొద్ద మాటకు లొంగుట మానవస్వభావమని ఆ ప్రభుత్వమునకును తోచియుండును.

డబ్బిచ్చి కొనని హక్కులు కూడ మనకు కలవు. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, లోపముగల వస్తువును గూర్చి మనము నివసించు జిల్లాలోని కమిషనుకే ఫిర్యాదు చేయవచ్చును. కారణము కలిగిన నాటినుండి రెండేండ్ల లోపల చేయవలెను. ఐదు లక్షల రూపాయలవఱకు చెల్లించి కొన్న వస్తువైనచో ఫీజు లేదు. సలహాకు 1915 అను జాతీయ సహాయ సంఖ్య కలదు. వీటికి బిల్లే ఆధారము. దానిని నగల పెట్టెలోనే దాచినను తప్పులేదు.

కడపట ఒక మాట. ఏ వారంటీయు యంత్రములోని వ్రాతలను, ఫోటోలను తిరిగి తెచ్చియీయదు. నెలకొకమారు వాటికి వేరొకచోట నకలు తీసియుంచుట, మూడు పిన్నుల ప్లగ్గును సరియైన ఎర్తు గల సాకెట్టులోనే పెట్టుట, ఉఱుములు మెఱుపుల వేళ తీగను తీసివేయుట, దుమ్ము పడకుండ కప్పియుంచుట, ఇవి దమ్మిడీ ఖర్చులేని పొడిగింపులు. మొదట ఇవి చేయుడు. పిమ్మట ఐదువేల సంగతి ఇంటికి వచ్చి, కాగితము చదివి, నిదానముగా నిర్ణయించుకొనుడు.