మూత్రాశయ క్యాన్సర్: స్కానింగు ఒక్కటే చాలునా?

మూత్రాశయ క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన ఇంట్లో నిశ్చింత వెంటనే రాదు. వ్యాధిని గుర్తించేనాటికి సుమారు నాలుగింట మూడువంతుల మందిలో అది మూత్రాశయపు లోపలి పొరలకే పరిమితమై ఉంటుంది. మూత్రమార్గం గుండానే పరికరాన్ని పంపి గడ్డను తొలగిస్తారు. అయితే అదే సంచిలో మరొక చోట మళ్లీ మొలవటం ఈ వ్యాధి స్వభావం. అందుకే ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు. ఈ విషయంలో కుటుంబాలు అడిగే ప్రశ్న ఒక్కటే: గొట్టం వేసి చూసే సిస్టోస్కోపీ మానుకుని స్కానింగుతో సరిపెట్టుకోరాదా?

ఈ ప్రశ్న వెనుక నొప్పి భయం కంటే సిగ్గే ఎక్కువని మేము భావిస్తున్నాము. దాన్ని తేలికగా తీసుకోరాదు. సత్ర్ విషయంలో పట్టింపు ఈమానులో భాగమే. కాని చికిత్సకు అవసరమైనప్పుడు, అవసరమైనంత మేరకే శరీరాన్ని చూపటానికి ధర్మవేత్తలు అనుమతినిచ్చారు. స్త్రీలు మహిళా వైద్యురాలిని కోరవచ్చు. ఆమె దొరకనప్పుడు దగ్గరివారిని తోడుంచుకుని పరీక్ష చేయించుకోవాలే గాని వాయిదా వేయరాదు.

ఇక స్కానింగుల మాట. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ, చిన్న పట్టణంలోనూ దొరుకుతుంది. సంచి నిండా మూత్రం ఉంటే గోడ మీది గడ్డ చక్కగా కనిపిస్తుంది. కొద్ది మిల్లీమీటర్ల మొలక మాత్రం తప్పించుకోవచ్చు. గోడకు అంటుకుని చదునుగా పాకే రకం ఉంది. చూపుకు చిన్నదే అయినా ప్రమాదంలో పెద్దది. దాన్ని ఏ స్కానింగూ నమ్మకంగా పట్టుకోలేదు.

సీటీ యూరోగ్రామ్ విలువ వేరు. మూత్రపిండాల నుంచి దిగే నాళాల లోపలి పొర కూడా మూత్రాశయపు పొర వంటిదే. అక్కడ పుట్టే గడ్డ మామూలు సిస్టోస్కోపీకి అందదు, సీటీకి అందుతుంది. అందుకే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి దీనిని ఏడాదికొకసారి సూచిస్తారు. రేడియేషన్ ఉంటుంది, రంగుమందు ఎక్కిస్తారు. కనుక ముందుగా క్రియాటినిన్ చూపించుకోవాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఎంఆర్ఐకి రేడియేషన్ లేదు. గడ్డ కండరంలోకి దిగిందా లేదా అన్నది చెప్పటంలో దీనికి మంచి పేరుంది. 2018లో వచ్చిన వి-రాడ్స్ పద్ధతి ప్రకారం 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. అయితే శస్త్రచికిత్స తర్వాత, బీసీజీ మందు సంచిలోకి ఎక్కించిన తర్వాత వచ్చే వాపు గడ్డవలె భ్రమింపజేస్తుంది. పెట్ స్కానులో వాడే చక్కెర మందు మూత్రంలోనే బయటికి పోతుంది. కనుక సంచి అంతా వెలిగిపోతుంది, లోపలి గడ్డ ఆ వెలుగులో కలిసిపోతుంది. దూరపు అవయవాలకు పాకిందేమో చూడటానికే అది తగును.

కాబట్టి మా సమాధానం: సరిపెట్టుకోరాదు. సిస్టోస్కోపీ గోడను కళ్లారా చూపుతుంది. అనుమానమున్న చోటినుంచి ముక్క తీయటానికీ వీలిస్తుంది. నీలి కాంతితో చేసే పద్ధతిలో ముందుగా సంచిలో పోసిన మందు వల్ల గడ్డ ఎర్రగా మెరుస్తుంది. వంగే సన్నని గొట్టంతో, మత్తు జెల్లు పూసి, నిమిషాలలో ముగిస్తారు. మొదటిది శస్త్రచికిత్స జరిగిన 3 నెలలకు. అది శుభ్రంగా ఉండి ప్రమాదం తక్కువైతే తర్వాతిది మరో 9 నెలలకు, ఆపై ఏటా. ప్రమాదం ఎక్కువైతే రెండేళ్లపాటు 3 నెలలకొకసారి. దీనికి తోడుగా మూత్రంలోని కణాలను పరీక్షిస్తారు. మూత్రం ఎర్రగా రావటం లేదు కదా అని ఇంటి పెద్దలు ఆసుపత్రి తేదీ దాటవేస్తుంటారు. నెత్తురు కనిపించకుండానే గడ్డ తిరిగి రావచ్చు. ఈ తేదీలు గుర్తుపెట్టుకోవలసింది పిల్లలే. బీడీ, సిగరెట్టు మాన్పించే బాధ్యతా వారిదే.

రమజానులో అల్ట్రాసౌండ్ తేదీ పడితే నీళ్లు తాగి సంచి నింపుకోవటం కుదరదు. ఇఫ్తార్ తర్వాత చేసే కేంద్రం దగ్గరలో ఉందేమో ముందే విచారించండి. లేనియెడల కొద్ది రోజులు జరపవచ్చునా అని వైద్యుణ్ణి అడగండి. జరపరాదని ఆయన అంటే, రోగికి అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు ప్రకారం ఆ రోజాను తర్వాత పూర్తి చేసుకోవచ్చు.